కలుపు కనబడరాదు

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈ సామెత పుట్టించిన మహానుభావుడు ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ పనిచేసి ఉండడు. అక్కడ వినేవాడి చేతిలో సంతకం ఉంటుంది. చెప్పేవాడు మాటవరసకు ఒక పోలిక చెప్తే, అది రెండుమూడు రోజుల్లో ఉత్తర్వై గోడకెక్కుతుంది. గుండ్లవాగు మొక్కజొన్న పరిశోధనా క్షేత్రంలో డాక్టర్ వసుమతి చెప్పిన పోలికకు అదే గతి పట్టింది.

వసుమతి పదకొండేళ్ళుగా అక్కడ శాస్త్రవేత్త. అందులో తొమ్మిదేళ్ళు ఒక్క మక్క రకం మీదే ధారపోసింది. కాగితాల్లో దాని పేరు గుండ్లవాగు తొమ్మిది. రెండు వానలు మొహం చాటేసినా అది కంకి పట్టేది. రైతు తన గింజనే దాచుకుని మరుసటేడు వేసుకోవచ్చు. కిందటేడు గోదాములో పురుగు పడింది. మందు కొనే ఫైలు పురుగుకన్నా నెమ్మదిగా నడిచింది. చివరికి మిగిలింది పదహారు కిలోలు. ఆ పదహారు కిలోలూ ఈ వానాకాలం రెండెకరాల్లో విత్తారు. ఇది పోతే తొమ్మిదేళ్ళూ పోయినట్టే. ఆ రకం గింజ లోకంలో ఇంకెక్కడా లేదు.

విత్తిన నాలుగోరోజున క్షేత్రం వ్యవస్థాపక దినోత్సవం జరిగింది. సంచాలకులు భుజంగరావుగారు ముందు వరసలో, మధ్య కుర్చీలో, అంతకుముందు తిన్న మిర్చి బజ్జీల ప్రభావం వల్ల సగం కళ్ళు మూసుకుని ఆసీనులై ఉన్నారు. "సామాన్యుడికి అర్థమయ్యే భాషలో, అయిదు నిమిషాలు" అని వసుమతికి చీటీ అందింది. ఆ సామాన్యుడెవరో ఆమెకు తెలుసు కాబట్టి మధ్య కుర్చీని చూస్తూనే మాట్లాడింది.

"ఎండలో ఉన్న ఎరుపును ఆకు తినేస్తుంది. దానికవతల మన కంటికి ఆనని ముదురెరుపు ఒకటుంది. దాన్ని మాత్రం తినదు, బయటికి కొట్టేస్తుంది. పక్కన గడ్డి మొలిస్తే, ఆ గడ్డి కొట్టేసిన ముదురెరుపు వచ్చి మక్క మొలక మీద పడుతుంది. అప్పటికింకా నీడ పడదు. నీళ్ళకూ ఎరువుకూ కొదవ రాదు. అయినా మొలకకు అనుమానం పుడుతుంది, పక్కన పోటీకి ఎవరో వచ్చారని. ఇక వేరు సంగతి వదిలేసి కాండం సాగదీస్తుంది. సన్నగా, పొడుగ్గా పోతుంది. ఆ తర్వాత గడ్డి పీకినా ఆ నిర్ణయం వెనక్కి రాదు. అందుకే మొదటి నెలరోజులూ చేను శుభ్రంగా ఉండాలి."

అక్కడ ఆపేస్తే ఏ గొడవా ఉండకపోను. మధ్య కుర్చీ కళ్ళు పూర్తిగా మూతపడటం చూసి ఆమె ఇంకో ముక్క చేర్చింది.

"ఒక్కమాటలో చెప్పాలంటే, మొక్క కలుపును చూస్తుంది."

భుజంగరావుగారు కళ్ళు తెరిచారు.

"చూస్తుందా?" అన్నారు.

మూడోరోజు పొద్దున నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది. కలుపు పంటకు కనబడుటయే దిగుబడి నష్టమునకు మూలకారణమని నిపుణులచే నిర్ధారింపబడినందున, కలుపు తీయుట అను ప్రాచీన పద్ధతిని తక్షణమే నిలిపివేసి, ఇకపై కలుపు పంటకు కనబడకుండ చేయవలెనని అందులో ఉంది. అడుగున గీత గీసి, "కనబడని కలుపు లేనట్లుగానే పరిగణించబడును" అని ఉంది. నిపుణులు అన్నచోట వసుమతి పేరు వేసి గౌరవించారు.

ఆమె ఆ కాగితం పట్టుకుని సంచాలకుల గదికి వెళ్ళింది. సూపరింటెండెంట్ చక్రపాణి అప్పటికే అక్కడున్నాడు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన చేలో కాలు పెట్టిన పాపాన పోలేదు. దున్నడం, విత్తడం, కోయడం అన్నీ ఫైల్లోనే కానిచ్చినవాడు.

"సార్, చూస్తుంది అన్నది మాటవరసకు. కళ్ళతో చూస్తుందని కాదు."

"కళ్ళతో కాకపోతే దేనితో చూస్తుందమ్మా?" అన్నారు భుజంగరావుగారు.

"ఆకుల్లో ఒక పదార్థం ఉంటుంది సార్. పడే వెలుగు మారితే అదీ మారుతుంది."

"అంటే కన్నే గదా. పేరేదైతేనేం." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "మీరు కనుక్కున్నదాని గొప్పతనం మీకే తెలియడం లేదు. మానవుడు వ్యవసాయం నేర్చిన నాటినుంచీ కలుపు పీకుతూనే ఉన్నాడు. అయిపోయిందా? లేదు. ఏలయనగా సమస్య కలుపుది కాదు, చూపుది. అట్టి చూపును మనం అరికట్టబోతున్నాం. దేశంలో మనమే ప్రథములం."

"పరదాలకు కొటేషన్లు కూడా వచ్చేశాయి మేడమ్" అన్నాడు చక్రపాణి.

వసుమతికి ఒళ్ళు మండిపోయింది. మండినా అనడానికేం లేదు. ఆ మాట తన నోటినుంచే వచ్చింది. తొమ్మిదేళ్ళు జాగ్రత్తగా పనిచేసి, ఒక్క మాట దగ్గర జాగ్రత్త తప్పినందుకు ఆమెకు సిగ్గేసింది.

పన్నెండోరోజుకు మక్క మూడాకులు వేసింది. సాళ్ళ మధ్య గరిక, తుంగ, గునుగు మక్కతో పాటే తలెత్తాయి. ఆ పొద్దున టెంటుహౌసువాళ్ళ లారీ వచ్చి ఎర్ర షామియానా గుడ్డలు దింపుతూ ఉంటే, ఐలవ్వ తన పదకొండుమంది ఆడవాళ్ళతో గట్టు మీద నిలబడి చూసింది. ఇరవయ్యేళ్ళుగా ఆ క్షేత్రంలో కలుపు తీసేది ఆ ముఠాయే. ఐలవ్వ వాళ్ళకు పెద్ద.

"ఎవల లగ్గమమ్మా?" అని అడిగింది.

"మక్కది" అంది వసుమతి.

"పిలగాడెవలు?"

"గడ్డి."

ఐలవ్వ దింపుతున్న గుడ్డల్ని ఎగాదిగా చూసింది. "అయితె కాపురం జేసినట్టె" అంది.

సాయంత్రానికి ప్రతి సాలుకూ ఇటొకటి అటొకటి పరదా లేచింది. వెదురు బద్దలు పాతి, నడుమెత్తున గుడ్డ బిగించారు. సాలు లోపల మొక్కకూ మొక్కకూ నడుమ మొలిచిన గడ్డిని కూడా చక్రపాణి వదల్లేదు. దానికి విడిగా జేబురుమాళ్ళంత పరదాలు కుట్టించాడు. పదమూడోరోజు భుజంగరావుగారు రోడ్డు మీద జీపాపి, దిగకుండానే తనిఖీ నిర్వహించారు. కలుపు ఎక్కడున్నదని అడిగారు. కనబడటం లేదు సార్ అన్నాడు చక్రపాణి. అది నిజమే. అదే రోజు గేటు పక్కన "కలుపు రహిత క్షేత్రం" అని బోర్డు వేశారు.

వసుమతి ఆ రాత్రే కూర్చుని మూడు పేజీల ఫైలు రాసింది. పరదా గుడ్డ కూడా గడ్డిలాగే ముదురెరుపును మొక్క మీదికి కొడుతుంది, పైగా ఎండకు అడ్డం. ఇన్నాళ్ళూ పక్కన పోటీదారు ఉన్నాడని మొక్కకు అనుమానమే, పరదా వచ్చాక రూఢి అయింది. కాబట్టి పరదాలు పీకించి, కూలీలను వెంటనే చేలోకి అనుమతించాలి. ఇదీ ఆమె కోరింది.

ఫైలు రెండురోజులకు తిరిగొచ్చింది. చక్రపాణి ఒకే ఒక్క సందేహం వెలిబుచ్చాడు.

"కూలీ ఆడవాళ్ళు ఆకుపచ్చ చీరలు కూడా కడతారు గదా మేడమ్. గాజులు కూడా పచ్చవే. మొక్క వాళ్ళను చూసి కలుపనుకుంటే బాధ్యులెవరు? మీరే అన్నారు, ఒకసారి అనుకుంటే వెనక్కి రాదని."

"మనుషుల్ని చూసి అనుకోదండీ."

"అది మీ నోటిమాట. నాకు రాతపూర్వకంగా కావాలి."

రాసిచ్చింది. దాని మీద కమిటీ వేశారు. మూడోరోజున కమిటీ కన్నా ముందే తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది, ఆకుపచ్చ వస్త్రధారులకు క్షేత్ర ప్రవేశం నిషిద్ధమని. కూలీలందరికీ ఎర్ర చీరల యూనిఫాం మంజూరయ్యేవరకు కలుపు పనులు, అనగా కనబడని అట్టి కలుపు ఏదైనా ఉన్నచో అట్టి పనులు, నిలుపుదల చేయడమైనది.

ఇక్కడ మక్క గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. మక్క ఫైలు పెట్టదు. పైవారి అభిప్రాయం కోరదు. పక్కవాడు ఉన్నాడని వెలుగు చెప్పగానే, నిలబడ్డచోటే నిర్ణయం తీసేసుకుంటుంది. కార్యాలయం కన్నా అది చురుకైనది కావడమే దాని ఖర్మ.

వసుమతి సాయంత్రం వెనక వాగు ఒడ్డున కూర్చుంది. చేను అక్కడితో ఆఖరు. కంచె లేదు. పరదాల సందుల్లోంచి మక్క కొసలు కనబడుతున్నాయి, ఉండాల్సిన దానికన్నా జానెడు పొడుగ్గా. వాగు తడికి ఆలస్యంగా మొలిచిన ఈ మూల ఒక్కటే ఇంకా సాగడం మొదలుపెట్టలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఐలవ్వ వాగు దాటి వచ్చి పక్కన కూర్చున్నదాకా ఆమెకు అలికిడి తెలియలేదు.

"గోడ మీద ఏందో రాసిన్రట గదమ్మా. మా కోడలు సదివి జెప్పింది. కనవడని కలుపు లేనట్టే అని."

"అవును."

"మరి కనవడని కూలీ?"

వసుమతి ఆమె వైపు చూసింది.

"గీ వాగు దిక్కు ఆరు గుంటలు పరదాల సాటుకున్నది. రోడ్డు మీదికెల్లి సూస్తె కనవడది. రోజూ పగటి బువ్వల యాల్లకు ఆపీసు మొత్తం పండుకుంటది. మేం నలుగురం వచ్చి పోతం. మొత్తం సేను మాతోని గాదు. గీ ఆరు గుంటలైతె తీస్తం. లోపటి గుడ్డలు గూడ పీకేస్తం. రోడ్డు దిక్కు గుడ్డ మాత్రం ఉంచుతం, సార్లకోసం."

వసుమతి లేచింది. గొడుగు తీసుకుని, చేనుకు వీపు పెట్టి, వాగు వైపు తిరిగి నిలబడింది.

"నాకూ కనబడదు" అంది.

ఇరవై ఒకటోరోజు కమిటీ సమావేశమైంది. చూపునకు సంబంధించిన ఏ విషయమైనా కంటి వైద్యుని అభిప్రాయం లేకుండా తేల్చరాదని చక్రపాణి ఎక్కడో నియమం పట్టుకొచ్చాడు. జిల్లా ఆస్పత్రి నుంచి డాక్టర్ ఇక్బాల్‌ను పిలిపించారు. ఆయన పెట్టె తెరిచి, పటాలు గోడకు తగిలించి, పేషెంటెవరని అడిగాడు.

"రెండెకరాలండి" అన్నాడు చక్రపాణి.

ఇక్బాల్ కిటికీలోంచి ఆ ఎర్ర పరదాలను చాలాసేపు చూశాడు. మంచి మనిషి, పెట్టె మూసేయలేదు. మొక్కల కళ్ళు తనకు తెలియవనీ, ఇంతదూరం రప్పించారు కాబట్టి సిబ్బంది కళ్ళు చూసిపోతాననీ అన్నాడు. మొదట సంచాలకులవారే కూర్చున్నారు. రంగురంగుల చుక్కల మధ్య అంకె దాగి ఉన్న పుస్తకం ఒకటి డాక్టరు ఆయన ముందు పెట్టాడు. గదిలో అందరికీ పన్నెండడుగుల దూరం నుంచి కూడా ఆ అంకె కనబడింది.

"ఇందులో ఏ అంకె లేదు" అన్నారు భుజంగరావుగారు. "ముద్రణ నాసిరకం."

డాక్టరు నివేదికలో రెండే మాటలు రాశాడు. మొక్కల సంగతి నాకు తెలియదు. సంచాలకులవారికి పుట్టుకతోనే ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు, ఇందులో ఎవరి తప్పూ లేదు, రంగు విషయం వచ్చినప్పుడు పక్కవారిని అడిగితే సరిపోతుంది. పక్కవారిని అడగమన్నది ఆ క్షేత్రంలో అమలు కాగల సలహా కాదు. చక్రపాణి నివేదికను లక్కముద్ర వేసిన కవరులో పెట్టి, రహస్యం అని రాసి బీరువాలో దాచాడు.

ముప్ఫై ఒకటోరోజున ఎర్ర చీరలు వచ్చాయి. నమూనా గుడ్డను సంచాలకులవారు స్వయంగా, ఎవరినీ అడగకుండా ఎంపిక చేశారు. మూట విప్పితే అన్నీ చిలకపచ్చ చీరలు.

గదిలో అందరూ చక్రపాణి వైపు చూశారు. భుజంగరావుగారు ఒక చీర చేతిలోకి తీసుకుని అంచు సవరించారు.

"ఎంత నిండైన ఎరుపు" అన్నారు.

"కళ్ళు చెదిరిపోతున్నాయి సార్" అన్నాడు చక్రపాణి.

మధ్యాహ్నం గేటు ముందు ఎర్ర చీరల పంపిణీ మహోత్సవం జరిగింది. పచ్చ చీరలు చేతబట్టుకుని పన్నెండుమంది ఆడవాళ్ళు, పైన ఎర్ర చీరల బ్యానరు, మధ్యలో సంచాలకులవారు. ఫొటో తీశారు. ఆ తర్వాత చక్రపాణికి చిక్కొచ్చి పడింది. ఈ చీరలతో లోపలికి పంపితే పచ్చ రంగు నిషేధం మీరినట్టు. ఆపితే సంచాలకులవారు ఎరుపన్నది కాదన్నట్టు. ఆయన తల గోక్కోలేదు, అలవాటు లేదు. "ఎరుపు అనగానేమి?" అని ప్రధాన కార్యాలయం వారి స్పష్టత కోరుతూ ఫైలు పంపాడు. స్పష్టత వచ్చేవరకు కూలీలు చీరలతో ఇంటికి వెళ్ళవచ్చునన్నాడు.

యాభయ్యోరోజుకు మక్క పరదాలను దాటి తాడెత్తు లేచింది. కాండాలు వేలి లావున్నాయి. గాలి వీస్తే మొత్తం చేను పరదాల వెదురు బద్దల మీదికి ఒరిగి, వాటినే పట్టుకుని నిలబడింది. భుజంగరావుగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

"నా సర్వీసులో ఇంత ఎత్తు చూడలేదమ్మా."

"అది ఎత్తు కాదు సార్" అంది వసుమతి. "భయం."

"భయపడనీయండి, పెరుగుతోంది గదా. సిబ్బందిని మాత్రం మనం ఎలా పెంచుతున్నాం?"

కమిషనరుగారిని ఆహ్వానించారు. అరవయ్యోరోజున క్షేత్ర ప్రదర్శన. కమిషనరుగారు తాడు లాగగానే పరదాలన్నీ ఒక్కసారిగా జారి, ఆకాశాన్నంటే పంట దర్శనమివ్వాలి. ముందురోజు ఏర్పాట్లు చూడటానికి భుజంగరావుగారు మొదటిసారి చేను చుట్టూ తిరిగారు. వాగు వైపు మూలకొచ్చేసరికి ఆగిపోయారు.

అక్కడ ఆరు గుంటల్లో మక్క భుజమెత్తున ఉంది. కాండాలు చేతికర్రల్లా ఉన్నాయి. ఆకులు నల్లగా, వెడల్పుగా పరుచుకున్నాయి. ఒక్కోదానికి పీచు తొడిగిన కంకి బయలుదేరింది.

"ఈ మరుగుజ్జులేమిటి?"

వసుమతి ఆ మొక్కలకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఒక క్షేత్రంలో తక్కినవాటితో సమానంగా పెరగనిది ఏదైనా కలుపే" అన్నారు భుజంగరావుగారు. "రేపటిలోగా పీకించండి."

తొమ్మిదేళ్ళు ఆ ఆరు గుంటల్లో నిలబడి ఉన్నాయి. బతిమాలితే లాభం లేదని ఆమెకు తెలుసు. శాస్త్రం చెప్తే అసలే లాభం లేదు. జీవితంలో మొదటిసారి ఆమె వాళ్ళ భాష మాట్లాడింది.

"పీకుట ప్రాచీన పద్ధతి సార్. తమరి ఉత్తర్వు దాన్ని నిలిపివేసింది. అట్టి కలుపు అతిథులకు కనబడకుండ చేసిన చాలును. కనబడనిది లేనట్లుగానే పరిగణించబడును."

భుజంగరావుగారి ముఖం విప్పారింది.

"ఇన్నాళ్ళకు మీకు అర్థమైంది" అన్నారు. "చక్రపాణీ, దీనికి నాలుగు పక్కలా పరదా కట్టించు. రేపు గుంజే తాడుకు దీన్ని కలపవద్దు."

మర్నాడు కమిషనరుగారు వచ్చారు. పూలదండలు, ఉపన్యాసాలు అయ్యాయి. "చూపును జయించిన పంట" అని భుజంగరావుగారు ముప్పావుగంట మాట్లాడారు. కమిషనరుగారు తాడు లాగారు. వెదురు బద్దలతో సహా పరదాలు ఒక్క ఊపున పడిపోయాయి. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగకముందే మొదటి సాలు ఒరిగింది. అది రెండో సాలు మీద పడింది. రెండోది మూడోదాని మీద పడింది. చేను చేనంతా, ఎవరో చేత్తో నిమిరినట్టు, అతిథుల కాళ్ళ వైపు నేలకొరిగిపోయింది. గాలి కూడా పెద్దగా లేదు.

కమిషనరుగారు భుజంగరావుగారి వైపు చూశారు.

"వందనం సార్" అన్నారు భుజంగరావుగారు. "పంట తమకు వందనం సమర్పిస్తున్నది."

చక్రపాణి మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టాడు. నలుగురు కలిశారు. తర్వాత అందరూ కలిశారు. వసుమతి మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. ఆమెకు ఆ పడిపోయిన మొక్కల మీద జాలి కలిగింది. చప్పట్లు కొట్టేవాళ్ళ మీద అది కూడా కలగలేదు.

పంట కాలం ముగిశాక రెండెకరాలకు కలిపి దిగుబడి సున్నా అని లెక్క తేలింది. మొక్కలు సహకరించలేదని కమిటీ అభిప్రాయపడింది. వసుమతికి మెమో వచ్చింది. గుండ్లవాగు తొమ్మిది రకపు విత్తనము ప్రస్తుతము ఎక్కడ ఉన్నదో మూడు దినములలో తెలుపవలెను.

ఆమె అదే కాగితం కింద ఒక్క మాట రాసి సంతకం చేసింది. "కనబడలేదు."

చక్రపాణి ఆ జవాబును మూడుసార్లు చదివి, మొదటి ఉత్తర్వు తీసి పక్కన పెట్టుకుని, సంతృప్తిగా తలాడించాడు. అట్టి రకము లేనట్లుగానే పరిగణించి ఫైలు మూసివేయడమైనది. "ఎరుపు అనగానేమి?" అన్న ఫైలు ఇంకా రాలేదు.

ఆ ఆదివారం వసుమతి ఐలవ్వ ఇంటికి వెళ్ళింది. పొయ్యి పైన దూలానికి ఒక మూట వేలాడుతోంది. సందుల్లోంచి కంకుల కొసలు పసుపుపచ్చగా తొంగిచూస్తున్నాయి. మూట కట్టిన గుడ్డ ప్రభుత్వంవారిచ్చిన చిలకపచ్చ చీర.

"పన్నెండిండ్లల్ల పన్నెండు మూటలు గట్టినం" అంది ఐలవ్వ. "పొగకు పురుగు రాదు. వచ్చె వానకాలం మా సేన్లల్లనే ఏస్తం."

వసుమతి మూట మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

"ఎవలన్న వచ్చి మక్క యాడున్నదని అడిగితే, ఎర్ర మూటల ఉన్నదని చెప్పు బిడ్డా" అంది ఐలవ్వ. "వచ్చి ఎతుక్కుంటరు, పాపం. దొరకది."